ప్రశ్నార్థకాల పెళ్లికొడుకులు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు రకాల మనుషులే కనిపించేవారు: కోచింగ్ తీసుకుంటున్నవాళ్లు, కోచింగ్ ఇస్తున్నవాళ్లు. నేను ఈ రెండింటికీ చెందని మూడో రకం. కోచింగ్ అయిపోయి, ఎటు పోవాలో తోచక అక్కడక్కడే తిరుగుతున్నవాణ్ని. అప్పటికి తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. పొద్దున ర్యాలీ, మధ్యాహ్నం బంద్, సాయంత్రం టీవీలో చర్చ. ప్రతివాడూ ప్రతి విషయంలోనూ ఏదో ఒక పక్షాన నిలబడి తీరాల్సిన కాలం. చాయ్‌లో చక్కెర తక్కువైతే 'ఇది వివక్ష' అని ఒక బల్ల, 'ఇది అపోహ' అని పక్క బల్ల గంటసేపు వాదించుకునేవి. (ఆ గంటలో ఎవరూ లేచి చక్కెర వేసుకునేవారు కాదు.) సరిగ్గా అలాంటి రోజుల్లో నాకు ఉద్యోగం దొరికింది. ఉద్యోగమంటే పూర్తి ఉద్యోగం కాదు, ట్రైనీ. అంటే పని అందరిలాగే చేయాలి, నమ్మకం మాత్రం ఎవరూ పెట్టుకోరు.

మా కంపెనీ ఒక చెప్పుల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది. వెబ్‌సైట్లు తయారు చేసేవాళ్లం. యజమానిది గుంటూరు జిల్లా. ఆయనకు ప్రపంచంలో ప్రతిదీ నీటుగా ఉండాలి. కోడ్ నీటుగా ఉండాలి, టేబుల్ నీటుగా ఉండాలి, అన్నిటికన్నా ముందు మాట నీటుగా ఉండాలి. అందుకని ఆయన వెనక ఆయన్ను 'నీటు సారు' అనుకునేవాళ్లం. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే కొంచెం భయస్తుడు. కింద ర్యాలీ చప్పుడు వినిపించగానే మా బోర్డు మీద 'జై తెలంగాణ' అని రాసిన ఫ్లెక్సీ కప్పేవాడు. ఊరి నుంచి చుట్టాలొస్తున్నారంటే దాన్ని చుట్టి బీరువా వెనక పెట్టేవాడు. ఆ ఫ్లెక్సీ ఎక్కి దిగినన్ని సార్లు మా ఆఫీసు మెట్లు నేను కూడా ఎక్కి దిగలేదు.

సారు, నేను కాక అక్కడున్న మూడో మనిషి గోదారి అక్క. నాకన్నా సీనియర్. వాళ్లది పాలకొల్లు వైపు. నాకు ప్రోగ్రామింగ్‌లో వచ్చిన నాలుగు ముక్కలూ ఆవిడ పెట్టిన భిక్షే. మాది పోచంపల్లి. నాన్న మగ్గం వదిలి సరూర్‌నగర్‌లో కిరాయికి ఇల్లు తీసుకుని, చీరల వ్యాపారంలో దిగాడు. నేను కంప్యూటర్ ముందు ఏం చేస్తానో ఆయనకు ఎన్నడూ అర్థం కాలేదు గానీ, 'ట్రైనీ' అన్న మాట మాత్రం బాగా అర్థమైంది. "ఈ శ్రావణంలోపు పర్మినెంటు జేస్తరా, చెయ్యరా? చెయ్యకుంటే కొత్తపేటల మీ చిన్నాయిన దుకాణం ఉండనే ఉన్నది. చీరెలు మడత వెట్టుడు నేర్సుకో" అని తేల్చి చెప్పేశాడు. అందరికీ ఇది చిన్న బెదిరింపులా అనిపించవచ్చు. నేను ఒక్క ఇక్కత్ చీర మడతపెడితే అది దుప్పటికీ సంచికీ మధ్య ఏదో ఒక ఆకారంలోకి వచ్చేది. నేతకారుల వంశంలో నాలాంటివాడు పుట్టడమే ఒక వింత అని మా నాయనమ్మ నమ్మకం.

అప్పుడు వచ్చింది పెళ్లిళ్ల ఆంటీ సైటు. ఎల్‌బీ నగర్‌లో ఆవిడ ఇంట్లోనే ఒక మ్యారేజ్ బ్యూరో నడిపేది. అంతవరకు ఆల్బమ్‌ల్లో ఉన్న పెళ్లికొడుకుల్నీ పెళ్లికూతుళ్లనీ ఇంటర్నెట్‌లోకి ఎక్కించాలనుకుంది. కాకపోతే ఉద్యమం మొదలయ్యాక తల్లిదండ్రులు కొత్త షరతు పెట్టడం మొదలుపెట్టారట. వీళ్లు 'మా వైపు సంబంధాలే చూపించండి' అంటే, వాళ్లు 'మా పిల్ల ఫొటో ఆ వైపు వాళ్లకు చూపించొద్దు' అనేవారట. రాష్ట్రం ఇంకా విడిపోలేదు గానీ ఆంటీ ఆల్బమ్ మాత్రం అప్పటికే విడిపోయింది. అందుకని పేర్లన్నీ దాచిపెట్టే డేటాబేస్‌లో ఇద్దరు యూజర్లను పెట్టాం. ఒక యూజర్‌కు తెలంగాణ సంబంధాలే కనిపిస్తాయి, రెండో యూజర్‌కు ఆంధ్రా సంబంధాలే కనిపిస్తాయి. ఆంటీ సొంత పేజీలో మాత్రం ఎడమ పక్క వీళ్లు, కుడి పక్క వాళ్లు, ఇద్దరూ రావాలి. మేం తీసుకున్న సర్వర్ బహు పిసినారిది. ఎక్కువ కనెక్షన్లు తెరిస్తే మొహం మీదే తలుపేసేది. కాబట్టి ఉన్న ఒక్క కనెక్షన్‌నే తెరిచి, మొదటి యూజర్‌తో ఎడమ పక్క పేర్లు తెచ్చి, దాన్ని మూయకుండానే యూజర్‌ను మార్చి, రెండో యూజర్‌తో కుడి పక్క పేర్లు తెచ్చేలా రాశాను. ఫోను పెట్టేయకుండా రిసీవర్ ఇంకొకరి చేతికి ఇవ్వడం లాంటిదన్నమాట. రాము, సోము అని ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టి చూశాను. బ్రహ్మాండంగా పనిచేసింది. నా తెలివికి నేనే ఒక చాయ్ తాగించుకున్నాను.

"డెమో నువ్వే ఇస్తున్నావయ్యా" అన్నాడు నీటు సారు. "నువ్వే రాశావు కాబట్టి ఏదైనా అడిగితే నువ్వే చెప్పాలి. నీటుగా అయిపోతే పర్మినెంట్ లెటర్ ఇచ్చేస్తా. కానీ ఆవిడది బెజవాడ. నీ 'ఏంది', 'గట్ల', 'గిట్ల' అక్కడ తీస్తే కుదరదు. బిజినెస్ కదా. నీటుగా మాట్లాడాలి."

వారం పాటు నాకు ట్రైనింగ్ నడిచింది. "గీ పేజీ ఓపెన్ చేస్తే పేర్లు ఒస్తయి" అని నేననేవాణ్ని. "ఈ పేజీ తెరవగానే పేర్లు వస్తాయి" అని ఆయన దిద్దేవాడు. "వస్తాయి" అని నేననేవాణ్ని. నోట్లోంచి ఆ మాట బయటికొస్తుంటే పెళ్లికి కిరాయికి తెచ్చిన కోటు తొడుక్కున్నట్టు ఉండేది. భుజాల దగ్గర వదులు, చంకల దగ్గర బిగుతు. గోదారి అక్క పక్క కుర్చీలోంచి చూసి నవ్వుకునేది. ఒక రోజు సారు బయటికెళ్లాక అడిగాను, "ఏందక్కా, నా బతుకు నీకు తమాషగున్నదా?" అని.

"నీ ఒక్కడికే అనుకున్నావా తమ్ముడూ? నేను చేరిన రోజునే 'ఆయ్' అనొద్దన్నారు నన్ను. ఊళ్లో ఎవరేం చెప్పినా 'ఆయ్' అనే పెరిగానా, అది మానేసి 'అవును, అవును' అని అలవాటు చేసుకున్నా. మొన్న మా అమ్మ ఫోన్ చేస్తే దానికీ 'అవును' అన్నాను. 'ఎవరమ్మా మాట్లాడేది?' అంది."

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. నీటు సారు చెప్పే నీటు తెలుగు నాది కాదు, అక్కది కాదు, ఇంట్లో భార్యతో ఫోన్‌లో పోట్లాడేటప్పుడు వింటే ఆయనది కూడా కాదు. ఎవరిదీ కాని ఆ భాష కోసం ముగ్గురం ఎందుకింత కష్టపడుతున్నామో నాకైతే తెలియలేదు. కానీ చీరల దుకాణం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

డెమో రోజున బంద్ పడింది. వాయిదా వేద్దామంటే ఆంటీ ఒప్పుకోలేదు. "బంద్‌లు ఆగుతాయేమో గానీ ముహూర్తాలు ఆగవండీ, శ్రావణం నెత్తి మీదికొచ్చింది" అంది. బస్సుల్లేవు, షేర్ ఆటోల్లేవు. సారు లాప్‌టాప్ బ్యాగును పసిబిడ్డలా గుండెలకు హత్తుకుని, అక్క, నేను ఆయన వెనక, దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడక మొదలుపెట్టాం. కొత్తపేట దగ్గర రోడ్డుకు అడ్డంగా వంటావార్పు జరుగుతోంది. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అందరూ కలిసి వండుకుని తిని నిరసన చెప్పడమన్నమాట. (ఉద్యమాల్లో ఇంతకన్నా రుచికరమైన పద్ధతి నేనింకా చూడలేదు.) మమ్మల్ని చూసి మెడలో కండువా వేసుకున్న ఒక అన్న ఎదురొచ్చాడు.

"ఏడికి సార్ పోతున్రు? బంద్ అని తెల్వదా?"

నీటు సారు ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత, నా కళ్ల ముందే, ఆ మనిషి మారిపోయాడు. "గీ... జర గా ఎల్‌బీ నగర్ జర పోతున్నం అన్నా" అన్నాడు.

అన్న కనుబొమలు లేచాయి. "మీది ఏ ఊరు సార్?"

"జర నరసరావుపేట."

అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అన్న కాసేపు నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించి, చివరికి ఆ పని వదిలేశాడు. "నరసరావుపేటకు 'జర' ఎందుకు సార్, గది మంచి పెద్ద ఊరే గద!" అని పొట్ట పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. "మీ తీర్గ మీరు మాట్లాడుండ్రి సార్, మాకు సమజైతది. మా కొట్లాట రాష్ట్రం కోసం, మీతోని గాదు. ఫస్టు కూసోండ్రి, తిని పోండ్రి."

మేం రోడ్డు మీద, డివైడర్‌కు ఆనుకుని కూర్చున్నాం. వేడి వేడి అన్నం, పప్పు. రెండు ముద్దలు లోపలికి వెళ్లేసరికి సారు తన అసలు మనిషిలోకి వచ్చేశాడు. "అబ్బా, పప్పు అమోఘంగా కుదిరిందండీ! ఆవకాయ బద్ద ఏమన్నా దొరుకుద్దా?" అని అడిగాడు. పక్క సందులో ఎవరింట్లోంచో జాడీ వచ్చింది. లాప్‌టాప్ బ్యాగు పక్కన పెట్టుకుని, చొక్కా మీద పప్పు చుక్క పడినా పట్టించుకోకుండా తింటున్న నీటు సారును నేను మొదటిసారి అప్పుడే ఇష్టపడ్డాను. లేచి నడుస్తున్నప్పుడు అడిగాను: "సార్, గా అన్న మీ భాష మిమ్మల్ని మాట్లాడుకోమన్నడు గద. మరి నా భాష నన్ను మాట్లాడుకోనియ్యరా?"

"అది రోడ్డయ్యా. ఇది బిజినెస్" అన్నాడు సారు, మూతి తుడుచుకుంటూ.

పెళ్లిళ్ల ఆంటీ గుమ్మంలోనే ఎదురొచ్చింది. మంచినీళ్లిచ్చి, సోఫాలో కూర్చుంది. నేను కిరాయి కోటు తొడుక్కుని మొదలుపెట్టాను. "నమస్కారమండీ. ఈ పేజీ తెరవగానే రెండు వైపుల సంబంధాలూ ఒకేసారి వస్తాయి." నీటు సారు తృప్తిగా తలూపాడు. పేజీ తెరిచాను. ఎడమ పక్క నల్గొండ, వరంగల్, కరీంనగర్ పెళ్లికొడుకులు తమ తమ పేర్లతో, నక్షత్రాలతో వరసగా నిలబడ్డారు. కుడి పక్క కృష్ణా, గుంటూరు, గోదావరి పెళ్లికొడుకులు కూడా వచ్చారు. ఎత్తు వచ్చింది, వయసు వచ్చింది. పేరు ఉండాల్సిన చోట మాత్రం నాలుగైదు ప్రశ్నార్థకాలు. నక్షత్రం దగ్గర ప్రశ్నార్థకాలు. గోత్రం దగ్గర ప్రశ్నార్థకాలు. (ముందు రోజే ఆంటీ మనిషి ఒకావిడ పేర్లన్నీ తెలుగులో టైపు చేసి పెట్టిందని అప్పుడే తెలిసింది. నా రాము, సోము అక్కడ లేరు.)

ఆంటీ కళ్లద్దాలు సర్దుకుంది. "ఏంటి బాబూ ఇది? మా వైపు పిల్లలకి పేర్లు పెట్టలేదా ఎవరూ?"

నీటు సారు మొహం తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. "ఆంధ్రా వాళ్ల పేర్లే పోవడమేంటి? సరిగ్గా వాళ్లవే ఎందుకు పోతాయి? ఏవయ్యా, బంద్ కదా అని కావాలని చేశావా ఇది?"

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ క్షణాన నాకు నవ్వు రాలేదు. నన్ను 'ప్రోగ్రాం రాదు' అంటే ఒప్పుకునేవాణ్ని, అందులో సగం నిజమే. 'కావాలని చేశావు' అన్న మాట మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంది. జవాబు చెబుదామని నోరు తెరిచాను. "లేదండీ, నేను... ఇది... వస్తుంది... వచ్చి..." అంతే. ఆపైన మాట రాలేదు. వారం రోజులు నేర్చుకున్న నీటు తెలుగంతా అవసరమైన చోట చేతులెత్తేసింది. నా నోరూ, ఆ కుడి పక్క పెళ్లికొడుకులూ ఒకే స్థితిలో ఉన్నాం.

"నువ్వు నీలా చెప్పు తమ్ముడూ" అంది గోదారి అక్క, మెల్లగా.

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. కోటు విప్పేశాను. "సార్, గీ పర్మినెంటు ఉంటే ఉండనీ, పోతే పోనీ. దుకాణంల చీరెలు మడతపెట్టుకుంట. గని కావాలని చేసినవ్ అంటే మాత్రం ఊకోను. ఒక్క నిమిషం ఆగుండ్రి." కోడ్ తెరిచి ఇద్దరు యూజర్ల వరస తారుమారు చేశాను. ముందు ఆంధ్రా యూజర్, తర్వాత తెలంగాణ యూజర్. పేజీ మళ్లీ తెరిచాను. ఈసారి కృష్ణా, గుంటూరు పెళ్లికొడుకులు పేరూ గోత్రంతో నిండుగా వచ్చారు. ఎడమ పక్క నల్గొండ, వరంగల్, కరీంనగర్ అన్నీ ప్రశ్నార్థకాలు.

"ఏంది సార్, ఇప్పుడు నేను మీ దిక్కు మారిన్నా?" అన్నాను.

సారు స్క్రీన్ వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ స్క్రీన్ వంక చూశాడు.

"ఆంటీ, మీరు ఇనుండ్రి" అని ఆవిడ వైపు తిరిగాను. "ఫోన్ పెట్టకుంటనే ఇంకొకలకు ఇచ్చినట్టు, గీ కనెక్షన్ మూయకుంటనే యూజర్ను మారుస్తున్న నేను. మార్చంగనే గది ఎన్కటి ముచ్చట్లన్నీ మర్చిపోతది. తెలుగక్షరాలల్ల మాట్లాడాలె అని మొదట్ల ఒక్కసారి చెప్పిన. యూజర్ మారంగనే గది గుడ్క మర్చిపోయింది. నోరున్నది, మాట తెలుస్తలేదు, అందుకే ప్రశ్నార్థకాలు. ముందుగాల ఎవరొస్తే వాళ్లకు పేర్లుంటయి, తర్వాత ఎవరొస్తే వాళ్లకు ఉండయి. దానికి ఆంధ్రా లేదు, తెలంగాణ లేదు. మార్చినప్పుడల్లా మల్ల ఒక్కసారి చెప్పాలె, 'నువ్వు తెలుగు' అని. గంతే."

ఆంటీ సోఫాలో ముందుకు జరిగింది. "అంటే కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టాక, ఈ ఇంట్లో ఏ మాట మాట్లాడుకుంటారో ఎవరూ చెప్పలేదన్నమాట."

"ఆ, సరిగ్గ గదే ఆంటీ."

"మరి ఇంతసేపూ ఇలా చెప్పకుండా 'తెరవగానే', 'వస్తాయి' అంటూ ఏదో టీవీ వార్తల్లాగా చదివావేంటి బాబూ? నాకు అప్పుడు ఒక్క ముక్క ఎక్కలేదు. ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయింది, మా ఆయనకు కోపమొస్తే 'ఏందే' అనే అరుస్తాడు. నేను పరేషాన్ అయితే 'పరేషాన్' అనే అంటా. నీకెవరు చెప్పారు నాకు ఈ భాష రాదని?"

ఎవరు చెప్పారో నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. నీటు సారు అప్పటికే చొక్కా మీది పప్పు మరకను చాలా శ్రద్ధగా గోకుతున్నాడు. నేను యూజర్‌ను మార్చిన చోటే, దాని కింద, తెలుగు అక్షరాలు గుర్తుచేసే ఒక్క లైను మళ్లీ రాశాను. పేజీ తెరిచాను. ఎడమ పక్క వాళ్లూ, కుడి పక్క వాళ్లూ, అందరూ పేరుపేరునా వచ్చారు. "ఇక ఎప్పుడూ ఇలాగే పనిచేస్తుందా అమ్మాయ్?" అని ఆంటీ అక్కను అడిగింది.

అక్క సారు వైపు చూడలేదు. "ఆయ్, చేస్తుందండి" అంది, నిండుగా.

తిరుగు నడకలో కొత్తపేట దగ్గర పొయ్యిలు ఆరిపోయి ఉన్నాయి. అన్న గిన్నెలు కడుగుతూ మమ్మల్ని చూసి "అయ్యిందా సార్ పని?" అని కేకేశాడు. సారు చెయ్యి ఊపాడు. కొంత దూరం నడిచాక నా వైపు తిరిగాడు. "అలా అనకూడదయ్యా నేను. కావాలని చేశావని. పొరపాటు." నేను ఏదో ఒక జోకు వేసి ఆ ఘట్టాన్ని ముగిద్దామనుకున్నాను గానీ, ఎందుకో దొరకలేదు. "పర్మినెంట్ లెటర్ రేపు టైపు చేయిస్తా" అన్నాడాయన.

"మాట గిట్లనే ఉంటది సార్" అన్నాను. "మారది. అది ఇష్టమైతేనే ఇయ్యుండ్రి."

"సరేలేవయ్యా. జర మెల్లగా మాట్లాడు, చాలు."

ఆ 'జర' మాత్రం పడాల్సిన చోటే పడింది.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. రాష్ట్రం వచ్చింది. మేం నడిచిన రోడ్డు నెత్తి మీద ఇప్పుడు మెట్రో నడుస్తోంది. కూర్చున్న డివైడర్ ఎక్కడుందో నేను కూడా చూపించలేను. నీటు సారు ఇప్పటికీ ఫోన్ చేస్తాడు, మాట్లాడుతూ మధ్యలో 'ఏంది' అంటాడు, నేను పట్టించుకోనట్టు నటిస్తాను. ఆంటీ కుదిర్చిన సంబంధాల్లో ఎడమ పక్క అబ్బాయీ కుడి పక్క అమ్మాయీ కూడా ఉన్నారట. అది ఎలా జరిగిందని అడిగితే, "నీ సైటు కలిపి చూపించింది ఒక్క నాకే కదా బాబూ" అంది. అప్పటి ఆ పిల్లవాణ్ని తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. కాళ్ల కింద నేల కదులుతున్నా, మాట మాత్రం మార్చనని మొండికేసి కూర్చున్నాడు.

నిన్న ఈ వ్యాసం రాయడం అయ్యాక నాన్నకు మొత్తం చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని, తలూపుతూ, పప్పు దగ్గర నవ్వుతూ, చివరిదాకా విన్నాడు. కళ్లు తెరిచి, "మంచిగున్నది బిడ్డా. ఎవరు రాసిన్రు ఇది?" అని అడిగాడు.

"నేనే నాయినా" అన్నాను.

"గట్లనా?" అన్నాడు నాన్న. నమ్మినట్టు మాత్రం కనిపించలేదు.